ఆళ్లగడ్డ అవునన్నది

నంద్యాల,
28 జూలై 2024

అరుణ అత్తకు ఫెబా వందనాలు.

క్షేమంగా చేరాను, బస్సులో సీటు దొరికింది, నువ్వు కట్టిచ్చిన చిత్రాన్నం శిరివెళ్ల దాటకముందే అయిపోయింది. ఈ మూడు సంగతులు ముందు చెప్పకపోతే నువ్వు మిగతా ఉత్తరం చదవవని నాకు తెలుసు.

ఈ కాలంలో ఉత్తరాలేమిటని మా ఆఫీసులో నవ్వుతారు. మా అత్తకు వినికిడి తక్కువ, చెవి మిషను పెట్టుకోదు, ఫోన్లో అన్నిటికీ ఊఁ కొడుతుందిగానీ ఒక్క ముక్క వినదు, అందుకని రాస్తానని చెప్పాను. నిజం చెప్పాలంటే నీకు రాయడం నాకు ఇష్టం కూడా.

పది రోజులు నా వెంట ఇల్లిల్లూ తిరిగావు. అయినా ఆదివారం చర్చిలో 'మా మేనకోడలు జనాభా లెక్కలు రాస్తోంది' అని అందరికీ చెప్పావు. అత్తా, మాది మార్కెట్ రీసెర్చ్ కన్సల్టెన్సీ. వ్యాపారం చేసేవాళ్లకు ఒక సందేహం ఉంటుంది. మేము జనాన్ని అడిగి దానికి జవాబు తెస్తాం. అంతే పని.

ఈసారి సందేహం ఏసమ్మ అనే ఆమెది. హాస్టల్లో వంటపని మానేసి ఇక్కడే నంద్యాల నూనెపల్లెలో ఎండు జొన్నరొట్టెలు చేసి ప్యాకెట్లలో అమ్ముతోంది. నెల రోజులైనా పాడుకావు. ఆమె దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. ఆళ్లగడ్డలో రెండో వంటిల్లు, అంగడి పెడితే జనం కొంటారా అన్నది ఆమె ప్రశ్న. బ్యాంకువాళ్లు కూడా సర్వే రిపోర్టు తెమ్మన్నారట. రిపోర్టు బాగా వస్తే కోయిలకుంట్ల దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన రెండెకరాల శనగ చేను అమ్మి మిగతా డబ్బు పెట్టుకుంటుంది.

రిపోర్టు బాగానే రాబోతోంది అత్తా. నూట ఇరవై ఇళ్లలో నూట ఏడు ఇళ్లు కొంటామన్నాయి. పదేళ్లలో ఇంత మంచి అంకె చూడలేదని మా ప్రభాకర్ సార్ అన్నారు. ఇంటి గుమ్మం దగ్గర నుంచే పొమ్మనేవాళ్లు నిన్ను చూసి మంచం వాల్చారు. ఈ పనిలో సగం పేరు నీది.

నీ కోడలు,
ఫెబా

*

ఆళ్లగడ్డ,
5 ఆగస్టు 2024

ఫెబాకు అత్త దీవెనలు.

సగం పేరేమిటి, ముప్పావు నాదే. ముప్పై నాలుగేళ్లు ఈ ఊళ్లో పాఠాలు చెప్పినదాన్ని. నీ పుస్తకం పట్టుకుని నువ్వొక్కదానివే పోయి ఉంటే కుక్కలు తప్ప ఎవరూ బయటికి వచ్చేవాళ్లు కాదు. మరియమ్మ ఇంట్లో నీకు మజ్జిగ ఇచ్చింది నీ మొహం చూసి కాదు. ఆమెకు ఎక్కాలు నేర్పింది నేను.

నీ అంకె సంగతి అందరికీ చెప్పాను. ఇకనుంచి జనాభా లెక్కలు అనను. నడిబజార్లో గురుస్వామి కాంప్లెక్సు ఉంది కదా, అందులో ఒక గది ఖాళీగా ఉందట. ఏసమ్మ వచ్చేదాకా ఎవరికీ ఇవ్వొద్దని అతనితో అన్నాను. అతనూ నా శిష్యుడే. కాదనలేదు.

ఒక మాట మాత్రం నిజంగా సంతోషపెట్టింది. రిటైరైన ఈ నాలుగేళ్లలో నన్ను ఎవరూ మరిచిపోలేదు. ఏ గడప ఎక్కినా లేచి నిలబడ్డారు. నువ్వు ప్రశ్న చదివేదానివి, వాళ్లు ఏదో అనేవాళ్లు, నాకు వినబడక 'ఏమంటాంది?' అని అడిగితే గట్టిగా 'కొంటాం టీచర్' అని మళ్లీ చెప్పేవాళ్లు. ఎంత మర్యాద. ఆ పది రోజుల్లో నా మోకాళ్ల నొప్పి కూడా మరిచిపోయాను.

రాత్రిపూట లాప్‌టాప్ ముందు కూర్చుని కళ్లు పాడుచేసుకోకు.

మీ అత్త,
అరుణకుమారి

*

నంద్యాల,
17 ఆగస్టు 2024

అత్తకు వందనాలు.

ఈ ఉత్తరం రాయకుండా నాలుగు రోజులు ఆగాను. రాయక తప్పదు. ముందు కూర్చో, తర్వాత చదువు.

రిపోర్టుకోసం ఫారాలను తేదీల వారీగా సర్దుతున్నాను. తొమ్మిదో రోజు దగ్గర ఆగిపోయాను. ఆ రోజు నువ్వు లేవు, కోయిలకుంట్లలో ఎవరో పోతే వెళ్లావు. నేనొక్కదాన్నే పద్నాలుగు ఇళ్లకు పోయాను. ఆ పద్నాలుగిట్లో తొమ్మిది ఇళ్లు 'వద్దు' అన్నాయి. మిగతా నూట ఆరు ఇళ్లలో, అంటే నువ్వు నా పక్కన ఉన్న ఇళ్లలో, 'వద్దు' అన్నవి నాలుగు.

ఆ రోజు వీధి మంచిది కాదేమో అనుకున్నాను. కానీ అది అంతకుముందు రోజు మనిద్దరం సగం పూర్తిచేసిన వీధే. ఎడమ వరస అంతా 'కొంటాం'. కుడి వరస 'వద్దు'. మధ్యలో ఉన్నది పది అడుగుల సిమెంటు రోడ్డు. ఏసమ్మ రొట్టెలు బాగా అమ్ముడుపోయే నంద్యాలలో కూడా అడిగితే మూడో వంతు జనం వద్దన్నారు. ఆళ్లగడ్డ ఎందుకు అంతగా అవునన్నదో నేను అప్పుడే ఆలోచించాల్సింది.

వాళ్లు ఏసమ్మ రొట్టెలకు అవుననలేదు అత్తా. నీకు అవునన్నారు. నాలుగో తరగతిలో నీ బెత్తం చూసినవాళ్లు, నీ ఎదుట, అదీ నువ్వు 'ఏమంటాంది?' అని అడిగితే, వీధంతా వినబడేలా 'నాకు వద్దు' అని ఎలా అంటారు?

తప్పు నాది. ఫారం చివర ఒక గడి ఉంటుంది. 'ఇంటర్వ్యూ సమయంలో ఇతరులు ఎవరైనా ఉన్నారా?' నూట ఇరవై ఫారాల్లోనూ 'లేరు' అని టిక్ పెట్టాను. అబద్ధం చెప్పాలని కాదు. నువ్వు ఇతరులవని నాకు తట్టలేదు. అత్త ఇతరులెలా అవుతుంది?

ఆ అంకె విని ఏసమ్మ సెప్టెంబరు ముప్పైకి చేను అమ్మే అగ్రిమెంటు పెట్టుకుంది. ఈ నూట ఆరు ఫారాలు చెత్తబుట్టలో వేయాల్సినవి. గురుస్వామి గది మాట వదిలెయ్యి.

ఫెబా

*

ఆళ్లగడ్డ,
24 ఆగస్టు 2024

ఫెబాకు,

కూర్చునే చదివాను. తర్వాత లేచి నిలబడి మళ్లీ చదివాను.

నా పిల్లలు అబద్ధాలు ఆడరు. ముప్పై నాలుగేళ్లు నేను వాళ్లకు నేర్పింది అదొక్కటే, లెక్కలు తర్వాత. పదిమంది ముందు నిజం చెప్పడం నేర్పాను. నా బెత్తం చూసి అవునన్నారని రాశావే, ఆ బెత్తం నేను తొంభై ఎనిమిదిలోనే విరిచి పొయ్యిలో పెట్టాను. ఆ సంగతి నీకు తెలుసు. అయినా రాశావు.

తొమ్మిదో రోజు వాళ్లు వద్దన్నది నిన్ను చూసి. ఎవరో తెలియని పిల్ల మెడలో కార్డు వేసుకుని వస్తే ఏదో అంటగట్టడానికి వచ్చిందని ఎవరైనా అనుకుంటారు. అది నీకు తట్టలేదా? రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి మనుషుల మనసు తెలిసిందంటావు. నీ కన్సల్టెన్సీ నేర్పిన చదువు ఇదే అయితే నాకు ఆ చదువు అక్కరలేదు.

ఎండలో నీ వెంట తిరిగాను. నా మోకాళ్లను అడుగు, చెబుతాయి. నేను ఇతరులనైతే ముందే చెప్పాల్సింది, ఇంట్లోనే కూర్చునేదాన్ని.

అరుణకుమారి

*

నంద్యాల,
3 సెప్టెంబరు 2024

అత్తకు,

నీ మోకాళ్లకు దండం పెడతాను. నా మాట మాత్రం మార్చుకోను.

నిన్న ప్రభాకర్ సార్‌కు అంతా చెప్పాను. ఆయన అరవలేదు. టీ తెప్పించారు. ఫారం తిప్పి చూపించి కింద సంతకం ఎవరిదని అడిగారు. నాదే అన్నాను. 'ఇతరులు లేరు' అని టిక్ పెట్టింది ఎవరని అడిగారు. నేనే అన్నాను. అక్కడితో ఆయన పని అయిపోయింది.

"అయితే తప్పు చేసింది నువ్వు, కన్సల్టెన్సీ కాదు. క్లయింటు అవునా కాదా అని అడిగింది. అవునని వచ్చింది. రిపోర్టు ఎట్లుండాదో అట్లనే పోతాది."

మళ్లీ సర్వే చేద్దాం, జీతం లేకుండా నేనే తిరుగుతాను అన్నాను. ఆళ్లగడ్డ అంకె చూపించి ఇంకో ఇద్దరు క్లయింట్లతో మాట్లాడానని, ఇప్పుడు అంకె పడిపోతే మన పరువు పోతుందని అన్నారు. ఆమె రెండెకరాలు అమ్ముకుంటుంది సార్ అంటే, ఆమె చేను ఆమె ఇష్టం అన్నారు. బయట ఎక్కడైనా ఈ మాట ఎత్తితే దొంగ టిక్కులు పెట్టిన పిల్లవని చెబుతానని కూడా అన్నారు. అదీ మెల్లగానే అన్నారు, బిస్కెట్ తినమని ప్లేటు నావైపు తోస్తూ.

నాకు భయం వేసింది, దాచను. ఈ ఉద్యోగం పోతే నంద్యాలలో నాకు ఇంకొకటి వెంటనే దొరకదు. నాయన పోయాక అమ్మ మందులు ఈ జీతంతోనే నడుస్తున్నాయి. కానీ భయంకంటే కోపం ఎక్కువగా ఉంది. జనాన్ని అడిగి జవాబు తెస్తామని డబ్బు తీసుకుని, జవాబు మనమే రాసి ఇచ్చేదానికి ఇంటింటికీ తిరగడం ఎందుకు?

నిన్ను నేను ఏమీ అడగను. నువ్వు నమ్మకపోతే నమ్మకు. ఏం చేయాలో నేను ఆలోచించుకుంటాను.

ఫెబా

*

ఆళ్లగడ్డ,
16 సెప్టెంబరు 2024

ఫెబాకు,

నువ్వు అడగలేదు. నేనే చేశాను.

నా పిల్లలు నిజమే చెప్పారని నిరూపించి, ఆ కాగితం నీ మొహాన కొట్టాలని చేశాను. ఉద్దేశం మంచిది కాదు. అది మొదటే చెబుతున్నాను.

నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజాన్ని కూర్చోబెట్టాను. అరవై మూడు మంది. ఎవరు ఏమన్నారో నాకు కూడా తెలియకూడదు, చదువు రానివాళ్లు కూడా చెప్పగలగాలి. ఎట్లా అని వారం రోజులు ఆలోచించాను. చివరికి కానుక సంచి గుర్తొచ్చింది. కానుక వేసేటప్పుడు మనం పిడికిలి మూసి సంచిలోకి చెయ్యి పెడతాం. వేసింది వందా, రూపాయా, పక్కనున్న అత్తగారికి కూడా తెలియదు. ఎవరూ తొంగి చూడరు, చూడకూడదు. చిన్నప్పటినుంచీ అలవాటైన పని.

ఒక్కొక్కరికి ఒక శనగ గింజ, ఒక చింతగింజ ఇచ్చాను. ఏసమ్మ అంగడి పెడితే మీ ఇంటి దుడ్లతో వారం వారం కొనేవాళ్లు శనగ వేయండి, కొననివాళ్లు చింతగింజ వేయండి, మిగిలింది ఇంటికి పట్టుకుపోండి అన్నాను. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. బోర్డుమీద రాయడానికి తప్ప నా జన్మలో ఒక తరగతికి వీపు తిప్పి నిలబడ్డది అదే మొదలు.

సంచి బల్లమీద బోర్లించాం. శనగలు పదిహేడు. చింతగింజలు నలభై ఆరు.

రెండుసార్లు ఎంచాను. అందులో నలభై మందికి పైగా మనం వెళ్లిన ఇళ్లవాళ్లే ఫెబా. మజ్జిగ ఇచ్చినవాళ్లు, మంచం వాల్చినవాళ్లు. ఎవరూ నా వైపు చూడలేదు. చాపలు చుట్టడానికి అందరికీ ఒకేసారి తొందర వచ్చింది.

పరంజ్యోతి ఒక్కతే ఆగింది. నా మొదటి బ్యాచి పిల్ల, ఇప్పుడు ఆమెకే మనవరాళ్లు ఉన్నారు. దగ్గరికి వచ్చి నా చెవిలో, వినబడేలా చెప్పింది.

"బాధపడొద్దు టీచర్. రొట్టె బాగానే ఉండాది. పొద్దుగూకితే మా ఇండ్లల్లో పెనం పెడతాం, వేడిరొట్టె తట్టుకుంటాం. ఎండురొట్టె ఊర్లకు పోయేటోళ్లకు. ఈడ ఇంట్లో కూచొని తినేటోళ్లకు ఎందుకు?"

మరి ఆ రోజు ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అంత దూరం నడిచొచ్చినారు కదా టీచర్" అంది. మనం ఇచ్చి వచ్చిన నమూనా ప్యాకెట్టు తిరుపతికి పోయే అల్లుడికి కట్టిచ్చిందట.

ముప్పై నాలుగేళ్లు నిజం చెప్పడం నేర్పాననుకున్నాను. నా ఎదుట మాత్రం చెప్పకూడదని కూడా నేర్చుకున్నారు. ఇంటికి వచ్చి ఏడ్చాను. నీకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ చెబుతున్నాను.

ఇవి చర్చికి వచ్చే ఆడవాళ్ల గింజలు మాత్రమే, ఊరంతా కాదు. ఆ మాట కూడా నీ రిపోర్టులో రాయి. గురుస్వామికి గది ఎవరికైనా ఇచ్చుకోమని చెప్పాను. సంఘ కార్యదర్శి సంతకంతో గింజల లెక్క ఇందులో పెట్టాను. నీ ప్రభాకర్ సార్‌కు చూపిస్తావో, ఏసమ్మకు చూపిస్తావో నీ ఇష్టం.

అత్త

*

నంద్యాల,
26 సెప్టెంబరు 2024

అత్తకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. ఎర్ర పెన్ను కొనుక్కొచ్చి ఆఫీసు బీరువాలోంచి ఆళ్లగడ్డ ఫారాలు తీశాను. నూట ఆరు ఫారాల్లోనూ ఆ టిక్ కొట్టేసి, 'ఇంటర్వ్యూ సమయంలో మా మేనత్త శ్రీమతి అరుణకుమారి ఉన్నారు' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. రాసి రాసి వేళ్లు లాగేశాయి. కట్ట కట్టి ప్రభాకర్ సార్ బల్లమీద పెట్టాను. దొంగ టిక్కుల పిల్ల అని ఆయన చెప్పుకోవడానికి ఇప్పుడు ఏమీ మిగల్లేదు, నేనే చెప్పేశాను. రేపటినుంచి రావొద్దన్నారు. రానని నేనూ అప్పటికే అనుకున్నాను.

అటునుంచి అటే నూనెపల్లె పోయాను.

ఏసమ్మ మోచేతులదాకా పిండితో పీటమీద కూర్చుని ఉంది. పెనాలమీద రొట్టెలు కాలుతున్నాయి. ఆఫీసు రిపోర్టు అప్పటికే ఆమె చేతికి వచ్చింది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుని వాక్యం క్యాలెండరు పక్కన గోడకు తగిలించింది. ఆ అంకె ఎందుకు తప్పో మొదటినుంచి చెప్పాను. నీ గురించి, నా టిక్కుల గురించి, తొమ్మిదో రోజు గురించి. చేతులు ఆపకుండా విన్నది. నలభై ఆరు చింతగింజలు అన్నప్పుడు ఆపింది.

"నా రొట్టె బాగలేదన్న్యారా?"

"బాగుందన్న్యారు. కానీ కొనం అన్న్యారు."

ఎనిమిది మందీ పని ఆపి నన్నే చూశారు. ఏసమ్మ లేచి నిలబడింది. నేను ఇంతవరకు ఏ మనిషి మొహంలోనూ అంత కోపం చూడలేదు. ఆ కోపం న్యాయమైనదే.

"దుడ్లు తీసుకున్యప్పుడు ఈ బుద్ధి యాడికి పోయింది నీకు? రెండు నెలలు ఆ అంకె పట్టుకొని నిద్రపోతాండా నేను. ఈ ముప్పైన అగ్రిమెంటు. ఇప్పుడొచ్చి చింతగింజలంటావా?"

తప్పు నాదే అన్నాను.

"తప్పు నీది, చేను నాది. పో ఈడనుంచి."

కాగితాలు ఆమె పీటమీద పెట్టి వచ్చేశాను. వెనక్కి పిలవలేదు. సంతకం చేస్తుందో మానుతుందో నాకు తెలియదు అత్తా. ఇంక నా చేతిలో ఏమీ లేదు. అమ్మకు ఉద్యోగం సంగతి ఇంకా చెప్పలేదు, నువ్వు కూడా చెప్పకు.

ఫెబా

*

ఆళ్లగడ్డ,
5 అక్టోబరు 2024

ఫెబాకు అత్త దీవెనలు.

ఏసమ్మ వచ్చింది.

ఇరవై తొమ్మిదో తేదీ ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలకు. చేతిలో నీ కాగితాలు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నువ్వేనా ఆ టీచరు అని అడిగింది. నేనే అన్నాను. ఆ వీధులేవో చెప్పు, నేనే పోయి చూస్తానంది. చెప్పులు వేసుకోబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు రావద్దు టీచరమ్మా. నువ్వొచ్చి చేసింది చాలు."

నా మొహంమీద ఎవరైనా అట్లా అని ఎన్నేళ్లైందో గుర్తులేదు. చెప్పులు విప్పేశాను.

ఆమె సాయంత్రందాకా తిరిగింది. ఎవరినీ ఏమీ అడగలేదట, ఒక్కో వీధి చివర నిలబడి చూసిందట. పొద్దు గూకేసరికి ఇంటింటా రొట్టెలు తట్టే చప్పుడు మొదలైందని, ఒక వీధిలో ముప్పై ఇళ్లదాకా ఎంచి ఆపేశానని చెప్పింది. పొయ్యి ముట్టించని ఇళ్లవాళ్లు పక్కింట్లో వేడివి కొనుక్కుంటున్నారట. తిరిగొచ్చాక కుర్చీలో కూర్చుంది. నేనిచ్చిన నీళ్లు తాగింది.

నేను క్షమాపణ చెప్పాను. అది నాకు చేతకాదు, నీకు తెలుసు. ఎట్లో చెప్పాను. ఆమె తీసుకోలేదు, తోసేయనూ లేదు.

చేను అమ్మలేదు ఫెబా. మర్నాడు పొద్దున్నే కోయిలకుంట్ల పోయి కొనేవాళ్లకు బయానా తిరిగి ఇచ్చేసింది. ఇప్పుడు ఆ రెండెకరాల్లో శనగ విత్తిస్తోందట. నీమీద కోపం మాత్రం పోలేదు. ఆ పిల్ల ముందే చెప్పి ఉంటే నాకు రెండు నెలలు కలిసొచ్చేవి అని రెండుసార్లు అంది.

ఇక నీ సంగతి. వాళ్లు పొమ్మంటే పోనీ. ఇక్కడ మన మిషన్ స్కూల్లో మూడో తరగతికి టీచరు కావాలి. కరస్పాండెంట్ గారితో నేనే మాట్లాడాను. నా మాటమీద తీసుకుంటామన్నారు. నవంబరు ఒకటినుంచి నువ్వు చేరతావని నీ తరఫున సరే అని చెప్పేశాను. మీ అమ్మను కూడా తీసుకురా, ముందు గది ఖాళీయే. సున్నం వేయించడం మొదలుపెట్టాను. జీతం తక్కువైనా మర్యాద ఉన్న పని. ఎవరి గడపా ఎక్కి బతిమాలే పని లేదు.

ఏ బస్సుకు వస్తావో రాయి.

మీ అత్త,
అరుణకుమారి

*

నంద్యాల,
14 అక్టోబరు 2024

అరుణ అత్తకు ఫెబా వందనాలు.

నేను రాను.

ఈ రెండు మాటలు రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. మొదటి కాగితంలో 'చూస్తానత్తా' అని రాశాను. రెండోదాంట్లో 'అమ్మను అడిగి చెబుతాను' అన్నాను. మూడోదాంట్లో అమ్మకు ఒంట్లో బాగాలేదని అబద్ధం రాశాను. నాలుగోదాంట్లో సరేనని రాసి, చదువుకుని నామీద నాకే అసహ్యం వేసింది. మరియమ్మ ఇంట్లో నీ ఎదుట నిలబడి 'కొంటాం టీచర్' అన్నది ఎవరో కాదు, నేనే అనిపించింది.

నువ్వు ఎంత ప్రేమతో గది సిద్ధం చేస్తున్నావో నాకు తెలుసు. ఆ ప్రేమ చూసే ఇన్నాళ్లూ సరే అన్నాను. ఇంటర్లో కామర్స్ తీసుకుంటానంటే బైపీసీ అన్నావు. సరే అన్నాను, రెండుసార్లు తప్పాను. చర్చి క్వయర్లో పాడమన్నావు. పాడటం నాకు ఇష్టం లేదు, ఐదేళ్లు పాడాను. పోయినేడు ఎడ్విన్ వాళ్లు చూడడానికి వచ్చినప్పుడు పిల్లవాడు నచ్చాడా అని అందరి ముందు అడిగావు. నచ్చాడన్నాను. వాళ్లే వద్దనుకున్నారు కాబట్టి బతికిపోయాను. అది కూడా నీకు ఇప్పుడే చెబుతున్నాను.

నీకు తప్పు అంటగట్టడానికి కాదు ఇదంతా. అడిగే హక్కు నీకుంది. కాదనే హక్కు నాకుందని నేనే మరిచిపోయాను. స్కూల్లో పాఠాలు చెప్పడం గొప్ప పనే, నీకు. నాకు గడపలెక్కి అడిగే పనే ఇష్టం. ఎండ ఇష్టం, కుక్కలు కూడా పరవాలేదు. ఒక మనిషి నోటినుంచి నిజంగా మనసులో ఉన్నమాట బయటికొచ్చే క్షణం ఉంటుందే, దానికోసం ఎన్ని గుమ్మాలముందైనా నిలబడతాను. ప్రభాకర్ సార్ ఆఫీసు పోయింది గానీ ఆ పని పోలేదు.

మొన్న ఏసమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రాకుండా వాకిట్లోనే మాట్లాడింది. అడవి పనికి ఆత్మకూరు దాటి లోపలికి పోయేవాళ్లు వారం పదిరోజులు అక్కడే ఉంటారు కదా, వాళ్లకు ఎండురొట్టె పనికొస్తుందా రాదా తెలుసుకుని చెప్పమంది. బస్సు ఖర్చులు, రోజుకూలి ఇస్తానంది. "నువ్వొక్కదానివే పోవల్ల. ఎవురినీ యెంటబెట్టుకోవద్దు. వాళ్లు వద్దంటే వద్దనే రాసుకొని రావల్ల" అంది. వచ్చే సోమవారం పోతున్నాను. వాళ్లు కూడా వద్దనొచ్చు. అంటే అదే రాసుకొస్తాను.

నా మీద ఆమె కోపం ఇంకా పోలేదు. పనిమాత్రం నాకే ఇచ్చింది. నాకు అది చాలు.

అమ్మకు అంతా చెప్పాను. ముందు ఏడ్చింది, తర్వాత నీలాగే తిట్టింది, తర్వాత అన్నం పెట్టింది. కరస్పాండెంట్ గారికి నేనే విడిగా రాశాను, నా తరఫున ఇచ్చిన మాట నాది కాదని, పోస్టు ఇంకొకరికి ఇమ్మని. అది నీకు అవమానంగా ఉంటుందని తెలిసే రాశాను.

క్రిస్మస్‌కు వస్తాను, నాలుగు రోజులుంటాను. సున్నం వేసిన గదిలోనే పడుకుంటాను. నవంబరు ఒకటికి మాత్రం రాను.

ఈ ఉత్తరం చదివాక నీకు కోపం వస్తుంది. వస్తే వచ్చిందనే రాయి అత్తా. రాలేదని మాత్రం రాయొద్దు.

నీ కోడలు,
ఫెబా